డబ్బా కెమెరా గిరిజమ్మ

1958 చలికాలంలో మహాదేవప్ప దుప్పట్లు కొనడానికి షోలాపూర్ పోయి, దుప్పట్ల మూటలతో పాటు ఒక నల్లటి డబ్బా కూడా తెచ్చుకున్నాడు. జహీరాబాద్ బజారులో అతనికి బట్టల దుకాణం ఉంది. ముందర దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక తెర. ఆ తెర పక్కకు జరిపి లోపలికి వచ్చి, డబ్బాను పీట మీద పెట్టి, "కెమెరా" అన్నాడు తల్లితోనూ భార్యతోనూ.

తల్లి శివమ్మ దాన్ని దూరం నుంచే చూసింది.

"దీన్ల ఏం పోసి పెట్టుకుంటరు?" అని అడిగింది.

భార్య గిరిజమ్మ నవ్వు ఆపుకుంది. ఆమె హుమ్నాబాద్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన పిల్ల. కన్నడ బడిలో నాలుగు తరగతులు చదివింది. ఇద్దరు ఆడపిల్లల తల్లి. ఇంట్లో కన్నడం, బజారులో తెలుగు, దుకాణానికి వచ్చే ముసల్మాను స్త్రీలతో ఉర్దూ, ఎవరితో ఏ మాట మాట్లాడాలో ఆ మాటే ఆమె నోటికి వచ్చేది. మహాదేవప్పకు బేరం చెడినప్పుడు తెర వెనక నుంచి వచ్చి నిలబెట్టేది కూడా ఆమెనే.

కెమెరా మోజు మహాదేవప్పకు ఒక్క రీలుతోనే తీరిపోయింది. ఆ రీలు బీదర్‌లో కడిగిస్తే కొన్నింటిలో నేల వచ్చింది, కొన్నింటిలో ఆకాశం వచ్చింది, ఒకదాంట్లో అతని సొంత బొటనవేలు వచ్చింది. విసుగుపుట్టి డబ్బాను అటక మీద పెట్టేశాడు. కొన్నాళ్ళకు గిరిజమ్మ దాన్ని దింపి, దుమ్ము తుడిచి, "నేను జర చూస్త" అంది.

ఆ డబ్బా పైన చిన్న అద్దం ఉండేది. కెమెరాను పొట్టకు ఆనించుకొని, తల వంచి ఆ అద్దంలోకి చూడాలి. అందులో కుడి ఎడమైపోతుంది, ఎడమ కుడి అవుతుంది. ఎండ వీపు మీద పడాలి. మీట నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. ఇవన్నీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. రీళ్ళు పాడుచేసుకుంటూ తనే నేర్చుకుంది.

మొదట్లో పిల్లల ఫోటోలు తీసింది. పిల్లలు కదిలారు. అత్త ఫోటో తీయబోతే శివమ్మ చెంగు ముఖం మీదికి లాక్కుంది. అప్పుడే ఒకరోజు కుటుంబమంతా ఝరాసంగం దేవుడి దగ్గరికి పోతుంటే, దారిలో ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి బండి ఆగింది. అక్కడ రోడ్డు పక్కన ఒకప్పుడు బాటసారులు దిగే పాత సరాయి ఒకటి పైకప్పు లేకుండా ఉంది. ఎవరి కాలానిదో ఎవరికీ తెలియదు. ఎర్రరాతి కమానులు మాత్రం నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నుంచి జొన్నచేను కనిపిస్తోంది. గిరిజమ్మ బండి దిగి, కమానుల ఎదుట నిలబడి, తల వంచి అద్దంలోకి చూసింది. చాలాసేపు అట్లాగే ఉండిపోయింది.

ఆ ఫోటో కడిగించి తెచ్చినప్పుడు మహాదేవప్ప దాన్ని దుకాణం వెలుతురులోకి తీసుకుపోయి చూశాడు.

"నేను ఈ తొవ్వల ఎన్నిసార్లు పోయిన! ఇది గింత మంచిగ ఉంటదని నాకు కనవడనే లే," అన్నాడు.

"మనుషులు కదులుతరు. గోడలైతె నేను చెప్పినట్టు ఇంటయి," అంది గిరిజమ్మ.

ఆ తరువాత దుకాణం మూసే రోజు వస్తే చాలు, భార్యాభర్తలిద్దరూ ఎటో ఒకవైపు బయలుదేరేవారు. పిల్లలను శివమ్మకు అప్పగించి, జొన్నరొట్టెలు, పల్లీల పొడి గుడ్డలో కట్టుకొని, పొద్దున్నే బస్సో రైలో ఎడ్లబండో ఏది దొరికితే అది ఎక్కి, చీకటి పడేలోగా తిరిగి వచ్చేవారు. కోహీర్‌లో జామతోటల వెనక ఉన్న పాత గుమ్మటాలు తీసింది. నైజాం కాలంలో సుంకం వసూలుకు కట్టి వదిలేసిన నాకా తీసింది. దాని కిటికీలో నుంచి ఒక రావిమొక్క బయటికి చేయి చాపినట్టు పెరిగి ఉంది. మూతపడిన పత్తి మిల్లు తీసింది. వానలు వెనకబట్టాక మంజీర ఒడ్డుకు పోయి, నీళ్ళు తగ్గి రాళ్ళు పైకి తేలిన చోట నిలబడి, మోకాళ్ళదాకా చీర తడుపుకొని నదిని తీసింది.

ఊరు ఊరుకోలేదు. సౌకారు ఇంటి కోడలు గుడికి పోయినట్టు శిథిలాలకు పోతోందని చెప్పుకొని నవ్వారు. డబ్బా కెమెరా గిరిజమ్మ అని పేరు పెట్టారు. శివమ్మకు ఆ పేరు చెవిన పడి రెండు రోజులు అన్నం సహించలేదు.

"నిండుగున్న ఇల్లు పెట్టుకోని కూలిన ఇండ్ల పొంటి తిరుగుడు ఏంది కోడలా?" అని అడిగింది.

"అవి ఇంక జర దినాలైతె ఉండయి అత్తమ్మా. మన ఇల్లు యాడికి పోతది?" అంది గిరిజమ్మ.

ఆ రోజుల్లో ఆమెకు ఒక పట్టుదల ఉండేది. తన ఫోటోలో మనిషి ఉండకూడదు. గోడ దగ్గర మేకలవాడు కూర్చుంటే బతిమాలి లేపేది. నీళ్ళబిందెతో ఎవరైనా అడ్డం వస్తే వాళ్ళు దాటిపోయేదాకా ఓపికగా నిలబడేది. కట్టడం ఒక్కటే, దాని మీద ఎండ ఒక్కటే ఉండాలి. ఆ పట్టుదల పోగొట్టింది దేవమ్మ.

రాయికోడ్ వైపు లోపలికి పోతే ఒక పల్లె వస్తుంది. అందరూ దాన్ని గడి ఊరు అనే పిలిచేవారు. అక్కడి దొర పోలీసు చర్య నాటికి హైదరాబాద్ పోయి మళ్ళీ రాలేదు. కోటలాంటి అతని గడి పుష్కరం పైగా పాడుబడి ఉంది. పెద్ద దర్వాజా రెక్కలు ఎవరో ఊడదీసుకుపోయారు. అయినా ఊరివాళ్ళు ఆ దర్వాజాలో నుంచి లోపలికి పోయేవారు కాదు. దొర లేకపోయినా భయం పోలేదు.

1961లో, కందులు కోతకు వచ్చిన రోజుల్లో, గిరిజమ్మ, మహాదేవప్ప అక్కడికి పోయారు. గిరిజమ్మ దర్వాజాకు ఎదురుగా నిలబడి అద్దంలోకి చూస్తే, గడప మీద ఒక ముసలామె కూర్చొని కందికాయ ఒలుచుకుంటోంది. మెడలో నల్లపూసల దండ, వంగిన వీపు.

"అవ్వా, జర పక్కకు జరుగుతవా? ఫోటో తీసుకుంట," అని అడిగింది గిరిజమ్మ.

ముసలామె తల ఎత్తలేదు. కాయ ఒలుస్తూనే జవాబు చెప్పింది.

"జరిగినన్ని దినాలు జరిగిన సౌకారమ్మా. ఇంక జరుగ."

గిరిజమ్మ కెమెరా కిందికి దించింది. పోయి ఆమె పక్కన గడప మీద కూర్చుంది. మహాదేవప్ప ఎండలో నిలబడి ఇద్దరినీ చూశాడు. కాసేపయ్యాక గిరిజమ్మ కూడా నాలుగు కాయలు తీసుకొని ఒలవడం మొదలుపెట్టింది.

ముసలామె పేరు దేవమ్మ. పిల్లగా ఉన్నప్పటి నుంచి ఈ గడిలో వెట్టి చేసింది. వడ్లు దంచింది, తిరగలిలో జొన్నలు విసిరింది, దొర కచేరి చేసే చావడి ఊడ్చింది. ఈ పెద్ద దర్వాజాలో నుంచి ఒక్కరోజూ రాలేదు. వెనక పశువుల దొడ్డికి ఉన్న చిన్న తలుపులో నుంచి వంగి రావాలి, వంగి పోవాలి.

"దొర పోయినంక అందరు భయపడ్డరు. నేను ఒక్కదాన్నే వచ్చి గీడ కూసున్న. ఎవలన్న వచ్చి లెమ్మంటరేమో అని చూసిన. ఎవలు రాలె. రోజు వచ్చి కూసుంటున్న," అంది దేవమ్మ. తరువాత గిరిజమ్మ ఒడిలోని డబ్బాను చూసింది. "ఇది మనుషులను సుత తీస్తదా?"

"తీస్తది."

"అయితె లోపట గద్దె ఉన్నది. దొర కూసునేటి గద్దె. దాని మీద కూసోని నేను ఒక ఫోటో దిగుత."

మహాదేవప్ప గొంతు సవరించుకున్నాడు. ఆ దొర బంధువులు అతని దుకాణంలోనే పెళ్ళిబట్టలు కొనేవారు. "గిరిజా, పొద్దుపోతది," అన్నాడు మెల్లగా.

గిరిజమ్మ ఆ మాట వినిపించనట్టే లేచింది. ముగ్గురూ లోపలికి పోయారు. చావడి పైకప్పు సగం కూలిపోయింది. దూలాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. గోడకు ఆనుకొని నల్లరాతి గద్దె మాత్రం చెక్కుచెదరలేదు. కానీ అది నీడలో ఉంది. డబ్బా కెమెరాకు నీడలో చూపు ఆనదు. ఎండ కప్పులోని కంతలో నుంచి దిగి గద్దె మీదికి వచ్చేదాకా ఆగాలి.

ఆగారు. మహాదేవప్ప రొట్టెల మూట విప్పాడు. దేవమ్మ చేయి చాపడానికి వెనకాడింది. గిరిజమ్మ ఒక రొట్టె తుంచి, సగం ఆమె చేతిలో పెట్టి, సగం తను తింది. ఎండ గోడ మీది నుంచి మెల్లగా జారి రాతి అంచును తాకింది. అప్పుడు దేవమ్మ లేచి, చెంగుతో గద్దెను తుడిచింది. అలవాటుగా తుడిచి, తను చేసిన పని తనే చూసుకొని ఆగిపోయింది. చెంగు విదిలించి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ ఆనించి పైకెక్కి కూర్చుంది.

గిరిజమ్మ ఆమెను నవ్వమనలేదు, కొంగు సర్దుకోమనలేదు. దేవమ్మే వీపు నిటారు చేసుకుంది. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని నేరుగా కెమెరా వైపు చూసింది. గిరిజమ్మ ఊపిరి బిగబట్టి మీట నొక్కింది.

 తిరుగు బండిలో మహాదేవప్ప, "మంచిగ వస్తదా?" అని అడిగాడు.

"రావాలె," అంది గిరిజమ్మ. ఆ రోజు ఆమెకు ఇంకే గోడా తీయబుద్ధి కాలేదు.

ఫోటో వచ్చింది. బీదర్ స్టూడియోలో పెద్దది చేయించి, ఒకటి తీసుకొని మళ్ళీ గడి ఊరికి పోయారు. దర్వాజ, బురుజు, వెనక దొడ్డి, చావడి గిరిజమ్మ ఈసారి తీసింది. దేవమ్మ దాన్ని చేతిలోకి తీసుకొని ముఖం చూసుకోలేదు. కింది భాగం చూసింది.

"కాళ్ళు భూమికి అందలేదే!" అని పకపకా నవ్వింది. "గద్దె ఎత్తు. ఆయనకు సుత అందకపోతుండె. కాళ్ల కింద పీట ఏస్తుండె. ఆ పీట నేనే తెచ్చి పెడుతుంటి. ఆయన పొట్టోడని నాకు అప్పుడు తెల్వలె సూడు."

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ ఫోటో ఇంకొకటి తన దగ్గర ఉందని, దాన్ని ఎవరికీ చూపించనని గిరిజమ్మ మాట ఇవ్వబోయింది. దేవమ్మ ఆమె మోచేయి పట్టుకుంది.

"దాచిపెడుతవెందుకు బిడ్డా? బజార్ల పెట్టు. నలుగురు చూడాలె."

"నిన్ను ఎవరన్న ఏమన్న అంటే?"

"అనేటోడు ముందుగాల ఈడికి రావాలె గద!"

అట్లా ఆ ఫోటో జహీరాబాద్ బజారులో, మహాదేవప్ప దుకాణంలో, షోలాపూర్ దుప్పట్ల పైన గోడకు ఎక్కింది. సరాయి కమానులు, మంజీర, కోహీర్ గుమ్మటాలు దాని చుట్టూ ఉండేవి. కానీ వచ్చినవాళ్ళ కళ్ళు ముందు దేవమ్మ మీదనే ఆగేవి.

పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. దొర తమ్ముడి కొడుకు రామచందర్‌రావు చెల్లెలి పెళ్ళికి బట్టలు కొనడానికి వచ్చాడు. మహాదేవప్ప పరుపు దులిపి కూర్చోబెట్టాడు. చీరలు పరుస్తుండగా రామచందర్‌రావు తల ఎత్తి గోడ వైపు చూశాడు. 

"మహాదేవప్పా, అది మా పెద్దనాయిన గద్దె కాదా?"

"అవును దొరా."

"దాని మీద కూసున్నది ఎవరు?"

మహాదేవప్ప చేతిలోని చీరను మళ్ళీ మడతపెట్టాడు. రామచందర్‌రావు గొంతు పెంచలేదు. "తీసెయ్. తీసినంక చీరలు చూద్దాం," అన్నాడు అంతే.

మహాదేవప్ప లేచాడు. ఎత్తుపీట తెచ్చాడు. దాని మీద ఒక కాలు పెట్టి, అక్కడే ఆగిపోయాడు. ఎక్కలేడు, దిగలేడు. అప్పుడు తెర జరిగి గిరిజమ్మ బయటికి వచ్చింది.

"దొరా, మీ గడి ఫోటోలు నా కాడ ఇంకా ఉన్నయి. దర్వాజది ఉన్నది, బురుజుది ఉన్నది. మీకు కావాల్నంటె అన్ని కడిగించి ఇస్త. అవి మీయి. ఇది మాత్రం దేవమ్మది. తీయాల్నంటె ఆమె చెప్పాలె."

రామచందర్‌రావు ఆమె వైపు చూడలేదు. "నీ ఇంటామె చెప్తున్నది. నువ్వేమంటవు?" అన్నాడు మహాదేవప్పతో.

మహాదేవప్ప పీట మీద నుంచి కాలు తీశాడు. పీటను గోడ వారకు జరిపాడు. చెమట తుడుచుకొని, "ఫోటోల సంగతి ఆమెనే చూసుకుంటది దొరా. నాకు తెల్వది," అన్నాడు.

రామచందర్‌రావు పరిచిన చీరల మీద నుంచి లేచి, చెప్పులేసుకొని వెళ్ళిపోయాడు. పెళ్ళిబట్టలు బీదర్‌లో కొన్నారని తరువాత తెలిసింది. ఆ ఏడు ఇంకా కొందరు పెద్ద ఖాతాదారులు కూడా రాలేదు.

ఆ మధ్యాహ్నం మహాదేవప్ప అన్నం ముందు కూర్చున్నాడే గానీ ముద్ద ఎత్తలేదు. శివమ్మ కోడలిని తిడుతుందని అతనూ అనుకున్నాడు, గిరిజమ్మా అనుకుంది. శివమ్మ తెర అవతలికి పోయి, గోడ కింద నిలబడి, దేవమ్మ ఫోటోను మొదటిసారి నిదానంగా చూసి వచ్చింది.

"నా ఈడుదే ఉన్నట్టున్నది," అంది. కొడుకు పళ్ళెంలో పెరుగు వేసింది. "గోడ మనది, మేకు మనది. ఆయన ఎవరురా తీయమననీకి? తిను."

ఆ తరువాత ఒక వింత జరిగింది. గడి ఊరి జనం, చుట్టుపక్కల పల్లెల జనం సంతకు వచ్చినప్పుడు దుకాణం ముందు ఆగడం మొదలుపెట్టారు. మొదట బయట నుంచే తొంగిచూశారు. మెల్లగా లోపలికి వచ్చారు. దేవమ్మ ఫోటో చూసి, ఒక తువ్వాలో రవికెగుడ్డో కొనుక్కొని పోయేవారు. మా ఊరి మసీదు కూడా తీయమ్మా, మా బావి మెట్లు కూలిపోతున్నాయి ఒకసారి రమ్మని పిలిచేవారు. గిరిజమ్మ పోయేది. ఇప్పుడు ఆమె ముందు కెమెరా తీసేది కాదు. అక్కడ కూర్చొని, ఈ గోడ ఎవరు కట్టారు, ఇక్కడ ఎవరు ఉండేవారు అని అడిగేది. చెప్పినవాళ్ళను ఆ గోడ పక్కనే నిలబెట్టి ఫోటో తీసేది. చంద్రప్ప అనే రైతు, తన తాత తవ్విన మెట్లబావిలో అడుగుమెట్టు మీద నిలబడి, చేతులు కట్టుకొని దిగిన ఫోటో ఆమెకు చాలా ఇష్టం.

1964 వానలకు గడి చావడి మొత్తం కూలింది. దొర వారసులు ఎవరూ రాలేదు. ఊరివాళ్ళు భయం విడిచి రాళ్ళు మోసుకుపోయారు. ఇళ్ళకు, బావులకు, బడి అరుగుకు వాడుకున్నారు. దేవమ్మ ఇంటి ముందు కూడా ఒక పొడుగాటి రాయి పడింది. దాని మీద బట్టలుతుకుతున్నానని ఆమె కబురు చేసింది.

అది జరిగిన మరుసటి ఏడు రామచందర్‌రావు మళ్ళీ దుకాణానికి వచ్చాడు. ఈసారి పరుపు మీద కూర్చోలేదు. తెర దగ్గర నిలబడి, "గిరిజమ్మా," అని పిలిచాడు.

"మా పెద్దమ్మ హైదరాబాద్‌ల మంచం మీద ఉన్నది. గడి చూడాల్నంటున్నది. కోడలుగ వచ్చిన ఇల్లు గద. ఆడ ఇప్పుడు గడ్డి తప్ప ఏం లే. నువ్వు అప్పుడు ఇస్తనన్న ఫోటోలు..."

గిరిజమ్మ పాతమాట ఎత్తలేదు. దర్వాజ, బురుజు, వెనక దొడ్డి, కూలిన చావడి, తన దగ్గర ఉన్నవన్నీ కాగితంలో చుట్టి ఇచ్చింది. అన్నింటి కింద దేవమ్మ ఫోటోది ఇంకో ప్రతి కూడా పెట్టింది. అతను చూశాడు. దాన్ని తీసి పక్కన పెట్టబోయి, మళ్ళీ వాటిలోనే కలుపుకున్నాడు.

నెల గడిచాక ఫోటోలు తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. అందులో ఒకటి తక్కువ ఉంది.

"పెద్దమ్మ అన్ని చూసింది. దేవమ్మది ఒక్కటి దిండు కింద పెట్టుకున్నది, ఇయ్యలె. ఎందుకని నేను అడుగలె," అన్నాడు.

"ఉండనీయుండ్రి," అంది గిరిజమ్మ. అతను పోయేముందు పిల్లలకని రెండు దుప్పట్లు కొనుక్కొని పోయాడు. ఆ తరువాత ఆ ఇంటివాళ్ళు ఎప్పటిలాగే వచ్చిపోయారు. దేవమ్మ ఫోటో మాత్రం గోడ మీద నుంచి కదల్లేదు.

ఇన్నేళ్ళలో ఊరు కూడా మారింది. నవ్విన ఆడవాళ్ళే గిరిజమ్మను చుట్టుముట్టి అడగసాగారు. "నువ్వొక్కదానివే ఎన్ని చూస్తవు? మమ్ములను సుత తోల్కపో." 1967 చలికాలంలో బజారు వీధి ఆడవాళ్ళంతా పొద్దున రైలెక్కి బీదర్ పోయారు. అక్కడి నుంచి టాంగాలలో అష్టూర్ పోయారు. శివమ్మ కూడా కర్ర పట్టుకొని బయలుదేరింది.

అష్టూర్‌లో బహమనీ సుల్తానుల గుమ్మటాలు చేలమధ్య వరుసగా ఉంటాయి. లింగాయతులూ ముసల్మానులూ ఇద్దరూ మొక్కే సమాధి దగ్గర అందరూ తలవంచారు. ఆ తరువాత చీలిన గుమ్మటం దగ్గరికి వచ్చారు. ఎప్పుడో పిడుగు పడి అది నిలువునా విచ్చుకుపోయిందని చెబుతారు. సగం గోపురం మాత్రం గాలిలో నిలబడి ఉంది. ఆకాశం లోపలికి దిగి వచ్చినట్టు ఉంటుంది.

ఆడవాళ్ళు లోపలికి పోయి తలలెత్తి చూశారు. ఒకామె మెల్లగా ఏదో అంది. ఆ మాట గోడలకు తగిలి తిరిగి పెద్దగా వినిపించింది. అందరూ నవ్వారు, ఆ నవ్వు కూడా తిరిగి వచ్చింది. అప్పుడు శివమ్మ కర్రను గోడకు ఆనించి, తను చిన్ననాట పుట్టింట్లో తిరగలి విసురుతూ పాడిన కన్నడ పాట ఎత్తుకుంది. గొంతు వణికింది. కానీ ఆ సగం గోపురం దాన్ని పట్టుకొని నింపి ఇచ్చింది. పాట తెలిసినవాళ్ళు కలిపారు. తెలియనివాళ్ళు చేతులతో తాళం వేశారు.

గిరిజమ్మ మంచి చోటు చూసుకొని నిలబడే ఉంది. ఎండ సరిగ్గా ఉంది. అద్దంలో అత్త ముఖం స్పష్టంగా ఉంది. ఈసారి శివమ్మ చెంగు అడ్డం పెట్టుకోలేదు. గిరిజమ్మ ఒక ఫోటో తీసింది. తరువాత కెమెరాను రాతి మీద పెట్టి, గుంపులోకి పోయి అత్త పక్కన నిలబడి గొంతు కలిపింది.